పంటి గడి

జూన్ 2, సోమవారం

పైవరస ముందు పళ్ళు నాలుగూ తీసేశారు. కదులుతున్నవి రెండే. పక్కవి కూడా నిలవవన్నాడు డాక్టరు. ఫ్యాక్టరీకి బంధువుల ఇంట్లో పనుందని పది రోజులు సెలవు రాసిచ్చాను. సెలవు కాగితంలో అబద్ధం రాయడం ఇదే మొదటిసారి. పెద్ద అబద్ధమేమీ కాదు.

జూన్ 5

వాపు తగ్గింది. సాయంత్రం బావమరిది చూడటానికి వచ్చాడు. ఫ్యాక్టరీ బట్టల్లోనే వచ్చాడు, మోచేతుల దాకా తెల్లమట్టి ఎండిపోయి ఉంది. మా ఆవిడ వాణ్ణి కుర్చీలో కూర్చోనివ్వలేదు, స్టూలు చూపించింది.

"ఎలా ఉంది బావా నోరు?"

చెయ్యి ఊపాను.

"మీ బావకి పళ్ళున్నప్పుడూ మాట రాలేదు, ఇప్పుడూ రాదు. మనకి కొత్తగా నష్టమేముందిరా?" అంది వాళ్ళక్క.

వాడు గట్టిగా నవ్వాడు. నవ్వు ఆపేసి, "మరి పంటి పరీక్ష?" అన్నాడు.

"కట్టుడు పళ్ళు వస్తాయిగా" అన్నాను, తువ్వాలు అడ్డం పెట్టుకుని.

వాడు సరే అన్నట్టు తలూపాడు. ఆ విషయం ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పొద్దని నేను అడగలేదు. వాడు చెప్పడు.

జూన్ 9

పళ్ళు పెట్టారు. గులాబీ రంగు పలకకు నాలుగు పళ్ళు. అద్దంలో బాగానే ఉన్నాయి. 'స' అంటే ఈల వస్తోంది.

సెలవు పెట్టి వచ్చేటప్పుడే ఫ్యాక్టరీ నుంచి రెండు పొట్లాలు తెచ్చుకున్నాను. ఒకదాంట్లో మంచి మట్టి. రెండోదాంట్లో అదే మట్టిలో చిటికెడు సన్న ఇసుక. ఒకదాని తర్వాత ఒకటి పంటి కింద పెట్టి చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి. ఇంకా అలవాటు కాలేదు.

జూన్ 12, గురువారం

పనిలోకి వెళ్ళాను. కెమిస్ట్ అమ్మాయి బల్ల అంతా తుడిచి, సీసాలు వరుసగా పెట్టి ఉంచింది. నా కంటే బాగా పెట్టింది.

"రండి పంటి మేస్త్రి గారూ! మీరు లేని పది రోజులూ లారీలన్నీ గేటు దగ్గర నిద్రపోయాయి" అంది.

నిజమే. గని నుంచి వచ్చిన మట్టిని నీళ్ళలో చిలికి, జల్లెడ పట్టి, తొట్టెల్లో తేర్చి, బ్లీచింగు చేసి, ప్రెస్సులో పలకలుగా పిండుతాం. ఆ పలకలోంచి వంద గ్రాములు తీసి చేతిజల్లెడ మీద కుళాయి కింద కడిగితే మట్టంతా పోయి ఇసుక మిగులుతుంది. ఎండబెట్టి తూచాలి. ఇరవై మిల్లీగ్రాములు దాటితే, మట్టిని కాగితం మీద పూసే మిల్లు తీసుకోదు. దీనికంతా మూడు గంటలు. మూడు గంటలు లారీ ఎవరు ఆపుతారు? అందుకే పంతొమ్మిదేళ్ళుగా నేను చిటికెడు మట్టి ముందు పళ్ళ మధ్య పెట్టి చూసి 'నున్నగా' అంటే లారీ కదులుతుంది, 'గరుకు' అంటే ఆగుతుంది. మధ్యాహ్నం తూకం వచ్చాక రెండూ పక్కపక్కన రాస్తాను. రిజిస్టరులో ఆ పంటి గడి నేనే స్కేలు పెట్టి గీసుకున్నాను. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. ఏ పుస్తకంలోనూ లేదని ఆ అమ్మాయి కూడా ఒప్పుకుంది.

ఇవాళ నోట్లో పెట్టుకున్నాను. 'నున్నగా' రాశాను. మిగులు 14.

సరిపోయింది.

జూన్ 13

నున్నగా. మిగులు 12. సరిపోయింది.

జూన్ 14

నున్నగా. 15. సరిపోయింది.

జూన్ 16

నున్నగా. 11. నాలుగు రోజులు వరసగా సరిపోయింది. అంటే పళ్ళు పనిచేస్తున్నట్టే.

జూన్ 19

వానలకి గనిలో పైపొర జారి కలిసిపోయింది. మట్టి పసుపు తిరిగి వస్తోంది. ఇనుము ఎక్కువ. బ్లీచింగు మందు ఒక పాలు పెంచాం. తెలుపు 79 దగ్గర ఆగిపోయింది, 82 కావాలి. మళ్ళీ కలిపి, మళ్ళీ తేర్చి, మళ్ళీ పిండితే 81. ఆ మందు వాసన చొక్కాకి పట్టేసి ఇంటిదాకా వచ్చింది. కాళ్ళు లాగుతున్నాయి. పంతొమ్మిదేళ్ళ కింద ఇలాంటి రోజు ఇంటికొచ్చి ఇంటిముందు కాలవ శుభ్రం చేసేవాణ్ణి. ఇప్పుడు చెప్పులు విప్పడానికి కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదు.

నున్నగా. 16.

జూన్ 21

చిగురు ఒరుసుకుంది. పళ్ళు జేబులో పెట్టుకుని తిరిగాను. ఎవరైనా వస్తే పెట్టుకున్నాను.

నున్నగా. 13.

జూన్ 24, మంగళవారం

పొద్దున తొమ్మిదింటికి బావమరిది జల్లెడ షెడ్డు నుంచి తడి మట్టి ముద్ద ఒకటి అరచేతిలో పెట్టుకుని వచ్చాడు.

"బావా, మూడో జల్లెడ అనుమానంగా ఉంది. శబ్దం మారింది. విప్పి చూడాలంటే సగం పూట ఆపాలి, మేనేజరు నన్ను నమిలేస్తాడు. ఓసారి పంటి కింద చూసి చెప్పు."

కొంచెం తీసి నోట్లో పెట్టుకున్నాను. మామూలుగానే రెండుసార్లు అటూ ఇటూ జరిపాను. ఉమ్మేశాను.

"నున్నగానే ఉంది."

వాడు కదల్లేదు. "చూశావా?"

"చూశానుగా."

"బాగా చూశావా?"

"ఏరా, నీకు రాసివ్వనా?"

వాడు నా ముఖంలోకి కాసేపు చూశాడు. "అక్కర్లేదులే. నువ్వు చెప్పావు, చాలు" అని వెళ్ళిపోయాడు. పదకొండింటికి లారీ వెళ్ళింది.

రెండింటికి తూకం. మిగులు 64.

సరిగ్గా కడగలేదు. కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయి. ఇంకో పలకలోంచి తీసి మళ్ళీ కడిగాను. 19. అది రాశాను.

జూన్ 25

నిన్న కుళాయి నీళ్ళు సన్నగా వచ్చాయి. ప్లంబరుతో చెప్పాను. వాడు వచ్చి చూసి, "బాగానే వస్తున్నాయిగా మేస్త్రీ" అన్నాడు. ఇవాళ బాగానే వస్తున్నాయి. నిన్న రాలేదు.

జూన్ 26

64 ఎప్పుడూ రాలేదు మనకి. నీళ్ళ వల్లే.

జూన్ 30

నున్నగా. 18.

జూలై 3, గురువారం

కాగితం మిల్లు నుంచి మనిషి వచ్చాడు. చేతిలో కాగితం చుట్ట. మేనేజరు బల్ల మీద దాన్ని పరిచి, కిటికీ వెలుతురుకి వాల్చి చూపించాడు. నిగనిగలాడే కాగితం. పొడవునా గీతలు, వెంట్రుక మందం, కొన్ని చోట్ల జంటగా.

"ఇది మీ మట్టి పూసిన కాగితం. మట్టి సర్దే మా బ్లేడు చూస్తే రంపంలా ఉంది. రెండు రోజులు మెషీను ఆపుకున్నాం. జూన్ 24 లారీ."

మేనేజరు రిజిస్టరు తెప్పించాడు. 24న పంటి గడిలో నున్నగా, మిగులు గడిలో 19. "మా పరీక్ష సరిగ్గానే ఉంది. మా పెద్దాయన పన్ను పంతొమ్మిదేళ్ళలో తప్పలేదు" అన్నాడు. ఆ మాటకి మిల్లు మనిషి నా నోటికేసి చూశాడు. నేను నోరు మూసుకున్నాను.

అందరం జల్లెడ షెడ్డుకి వెళ్ళాం. 24 తర్వాత సరుకు తక్కువై ఆపి ఉంచిన మూడో జల్లెడ విప్పించారు. వల అంచు దగ్గర బొటనవేలు పట్టేంత చిరుగు.

"పరీక్షకి మట్టి తీశాక చిరిగి ఉంటుంది. జల్లెడ మనిషి చూసుకోవాలి కదా" అన్నాడు మేనేజరు. బావమరిదిని పిలిచాడు. "నువ్వు చూడలేదా?"

"చూశాను సార్. శబ్దం మారితే చూశాను."

"చూసి?"

వాడు వంగి చిరిగిన వల చేతుల్లోకి తీసుకున్నాడు.

"అడుగుతున్నాను. చూసి ఏం చేశావు? ఎవరికి చెప్పావు?"

వాడు నా వైపు తిరుగుతాడేమో అనుకున్నాను. తిరగలేదు. చిరిగిన వలని రెండు చేతులతో చుట్ట చుడుతూ, "నాదే పొరపాటు సార్" అన్నాడు.

రేపటి నుంచి రావొద్దన్నారు. మిల్లుకి ఎవరిది తప్పో పేరు రాసి పంపాలట. పంపాక వాణ్ణి పూర్తిగా తీసేస్తారు. మంగళవారం పంపుతారు.

జూలై 4

"వాడేం చేశాడండీ?" అని అడిగింది మా ఆవిడ.

"జల్లెడ చిరిగింది."

"చిరిగితే వాడు చూసుకోడా? చిన్నప్పుడు అన్నంలో రాయి తగిలిందని రెండు రోజులు మెతుకు మెతుకు వేలితో నొక్కి చూసి తిన్నాడు. మా అమ్మ చేతిలో దెబ్బలు కూడా తిన్నాడు. వాడు చూసుకోలేదంటే నేను నమ్మను."

"చూశాడట."

"మరి?"

నేను రిజిస్టరులో పరీక్షలు సరిగ్గానే ఉన్నాయని చెప్పాను. అది అబద్ధం కాదు. రిజిస్టరులో సరిగ్గానే ఉన్నాయి.

జూలై 5

నీళ్ళ వల్లే అయి ఉండాలి అని రాయబోయాను. రాయలేదు.

జూలై 6, ఆదివారం

స్నానాల గదిలో తలుపు వేసుకుని ఇసుక నోట్లో పెట్టుకున్నాను. మట్టి కలపలేదు, ఉట్టి ఇసుక. చెవికి వినబడింది. పంటికి తగల్లేదు.

బయట మా ఆవిడ తలుపు కొట్టి, "ఏం చేస్తున్నారండీ అంతసేపు?" అంది.

పుక్కిలించి వచ్చాను.

జూలై 7, సోమవారం

ప్రతి లారీకి ఒక సీసాడు మట్టి తీసి ఆరు నెలలు దాచి ఉంచుతాం. అల్మారా తాళం నా దగ్గరే. కెమిస్ట్ అమ్మాయి వచ్చి, "మేస్త్రి గారూ, జూన్ 24 సీసా ఒకసారి ఇస్తారా? ఊరికే, నా తృప్తి కోసం చేసి చూస్తాను. మధ్యాహ్నం చేస్తాలెండి" అంది.

"వెతికి పెడతాను" అన్నాను.

వెతకడానికేముంది. చెయ్యి పెడితే తగిలేలా ఉంది. తీసి కుళాయి దగ్గర నిలబడ్డాను. మూత తీశాను. అక్కడ జల్లెడ లేకుండా కడిగేస్తే అయిపోతుంది. సీసా పగిలిందని చెప్పవచ్చు. ఏడాదికి ఒకటో రెండో పగులుతూనే ఉంటాయి. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. డ్రైవర్ల గదిలో టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

చేతిజల్లెడ తీసుకున్నాను. వంద గ్రాములు తూచి నానబెట్టాను. నీళ్ళు నిండుగా వస్తున్నాయి. తెల్లనీళ్ళు పోయి మామూలు నీళ్ళు దిగేదాకా కడిగాను. జల్లెడ మధ్యలో ఇసుక మెరుస్తోంది, కంటికే కనబడుతోంది. ఎండబెట్టి తూచాను. 58.

రిజిస్టరు తెరిచాను. ఎర్ర పెన్నుతో జూన్ 12 నుంచి ఇవాళ్టి దాకా పంటి గడిలో ప్రతి 'నున్నగా' కొట్టేసి, పక్కన 'తెలియలేదు' అని రాశాను. ఇరవై రెండు చోట్ల. 24వ తేదీ పక్కన ఇంకాస్త రాయాల్సి వచ్చింది: మొదటి మిగులు 64, రాయలేదు. దాచిన సీసాలో 58. జల్లెడ మనిషి ఆ ఉదయం తొమ్మిదింటికే అనుమానం ఉందని వచ్చి అడిగాడు. నున్నగా ఉందని నేను చెప్పాను. కింద సంతకం.

అమ్మాయి వచ్చేసరికి సీసా బదులు రిజిస్టరు ఇచ్చాను. నిలబడే చదివింది. చదివి కూర్చుంది.

"తెలియకపోవడమేంటి మేస్త్రి గారూ?"

పళ్ళు తీసి అరచేతిలో పెట్టుకుని చూపించాను. చెప్పడం కంటే అదే తేలిక అనిపించింది.

"అయ్యో" అంది. రిజిస్టరు మూసి, "మూడు గంటలు ఆగమంటే ఆగేవాళ్ళం కదండీ" అంది.

ఆగేవాళ్ళే. నేనే అడగలేదు.

జూలై 8

మేనేజరు రిజిస్టరుని బల్ల మీద పడేశాడు. మిల్లుకి పంపాల్సిన ఉత్తరం టైపు చేసి ఉంది, బావమరిది పేరుతో.

"నిన్నెవరు రాయమన్నారు పెద్దాయనా? ఒకడు తప్పొప్పుకున్నాడు, గొడవ సద్దుమణిగింది. ఇప్పుడు మన పరీక్షే దొంగ పరీక్షని వాళ్ళకి చెప్పుకోవాలా?"

"దొంగ పరీక్షే సార్, ఆ ఇరవై రెండు రోజులూ."

"పళ్ళు పోతే పోయాయి. లోకంలో ఎవరికి పోవు? నాకూ రెండు లేవు. చెబితే నీ సొమ్మేం పోయేది?"

ఆ ప్రశ్నకి జవాబు నిన్నటి నుంచి నేనూ వెతుకుతున్నాను. నేను బడికి వెళ్ళింది ఐదేళ్ళు. ఆ గడి ఒక్కటే నాది. ఇది సార్‌తో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

అరగంట తిట్టాడు. ఆ తర్వాత అలసిపోయినట్టున్నాడు, ఉత్తరం చింపి బుట్టలో వేశాడు, పరీక్షే తప్పిందని ఇంకోటి రాయిస్తానన్నాడు. రేపటి నుంచి కడగడం, తూచడం నా పని, సంతకం అమ్మాయిది. పంటి గడి కొట్టేయాలి. తూకం రాకుండా లారీ కదలకూడదు. బావమరిది శుక్రవారం నుంచి రావచ్చు.

జూలై 9, బుధవారం

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ కూర కోస్తోంది. కత్తి పక్కన పెట్టింది కానీ ఏమీ అనలేదు. ఇన్నేళ్ళలో ఆవిడ ఏమీ అనకపోవడం నేను చూడలేదు. కాసేపటికి, "వాడికి మీరే వెళ్ళి చెప్పండి" అంది.

వెళ్ళాను. వాడు వరండాలో పాత ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. మేడ మెట్ల మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. నేను ఇంతసేపు ఒక్కణ్ణే మాట్లాడటం వాడు కూడా ఎప్పుడూ విని ఉండడు. చివర, "నాకు తెలియలేదురా. నీకు పంటి సంగతి తెలిసినా అక్కడ నా పేరు చెప్పలేదు" అన్నాను.

వాడు స్క్రూ తిప్పుతూనే ఉన్నాడు.

"నీ పేరు చెప్పకపోవడం గొప్పేం కాదు బావా. అక్కకి ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదు."

"మరి తెలిసీ నన్నెందుకు అడిగావు ఆ రోజు?"

అప్పుడు తలెత్తాడు.

"నీకు తెలియదని తెలిసే అడిగాను. 'నాకు తెలియడం లేదురా' అంటావనుకున్నాను. ఆ మాట నీ నోట వస్తే మోటారు ఆపేద్దామని వచ్చాను. మేనేజరు అడిగితే మేస్త్రికే తెలియలేదు సార్ అని చెప్పవచ్చు కదా. నాకు కావలసింది ఆ ఒక్క మాటే."

ఫ్యాను రెక్క ఒకటి ఒళ్ళో పెట్టుకుని తుడిచాడు.

"రెండుసార్లు అడిగాను. చూశావా అని, బాగా చూశావా అని. రాసివ్వనా అన్నావు. నా ముఖం చూసి అన్నావు."

నేను మెట్ల మీదే ఉన్నాను. వాడి భార్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను. వాడు ఫ్యాను బిగించి స్విచ్చి వేశాడు. తిరిగింది. ఇక నేను ఉండటానికి కారణం లేదు, వచ్చేశాను.

జూలై 11, శుక్రవారం

వాడు పనిలోకి వచ్చాడు. మూడో జల్లెడకి కొత్త వల బిగించాడు. నా గది ముందు నుంచే వెళ్ళాడు.

మిగులు 9.

జూలై 12

10. మాట్లాడలేదు.

జూలై 14

మా ఆవిడ వాళ్ళింటికి వెళ్ళి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారని నేను అడగలేదు. తను చెప్పలేదు. అన్నం వడ్డించేటప్పుడు మాత్రం, "మెత్తగా వండాను, పళ్ళు తీసి పెట్టి తినండి, ఎందుకు ఆ అవస్థ" అంది.

12.

జూలై 16, బుధవారం

పొద్దున వాడు పరీక్ష గది గుమ్మంలో నిలబడ్డాడు. రెండో జల్లెడ కంపనం తేడాగా ఉందన్నాడు. నాతో కాదు, కెమిస్ట్ అమ్మాయితో. అమ్మాయి నా వైపు చూసింది.

"మూడు గంటలు గడిస్తే గానీ నాకు తెలియదమ్మా" అన్నాను. ఆ అమ్మాయికే చెప్పాను.

వాడు వెళ్ళి మోటారు ఆపాడు. కాసేపటికి మేనేజరు గది నుంచి ఫోను మోగింది, అమ్మాయి ఏదో సమాధానం చెప్పింది. నేను మట్టి నానబెట్టి, కడిగి, ఓవెన్‌లో పెట్టాను. తిరిగి చూస్తే వాడు లోపలికి వచ్చి ఓవెన్ ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నేను రెండో స్టూలు మీద కూర్చున్నాను. ఇద్దరం ఓవెన్ తలుపుకేసి చూస్తూ కూర్చున్నాం. టీ వచ్చింది. నా గ్లాసు కూడా వాడే అందుకుని ఇటు జరిపాడు.

తీసి తూచాను. ముల్లు ఆగేదాకా ఆగాను. ఇంకోసారి తూచాను.

"పదిహేడు" అన్నాను.

"పదిహేడా?"

"పదిహేడు."

లేచి వెళ్ళాడు. మోటారు వేశాడు.